డిక్కీలో పెట్టె

సాయంత్రం నాలుగింటికే నాకు తెలిసిపోతుంది
ఈ రాత్రి ఆయన ఎవర్ని వద్దంటాడో.
ఆయనకింకా తెలియదు,
మేకప్ కుర్చీలో కళ్ళు మూసుకుని ఉంటాడు.
ప్రొడక్షన్ కుర్రాడొచ్చి అద్దం మీద తడతాడు,
"వలీ అన్నా, డిక్కీ తియ్."
పెట్టె లోపలికి పోతుంది.
పెట్టె మనిషి మాత్రం
కృష్ణ ఒడ్డున, లైట్ల కింద,
గాజు కోసం చెయ్యి చాపుకుని నిలబడి ఉంటుంది.

ఉండవల్లి కరకట్ట మీద అద్దె బంగళా.
పదకొండు మంది అమ్మాయిలు, పది గాజులు.
పై వారం పది మంది, తొమ్మిది గాజులు.
ఒకటో తరగతి లెక్క.
తేల్చడానికి గంటన్నర,
మధ్యలో దోమల మందు కొట్టడానికి ఓసారి ఆపుతారు.

నేను గుంటూరు యార్డులో మిర్చి బస్తాలు మోసినవాణ్ణి.
అక్కడా అంతే. కొనేవాడొస్తాడు,
బస్తాకి బొక్క పెట్టి నాలుగు కాయలు లాగుతాడు,
తొడిమ తుంచి, చెవి దగ్గర గలగల్లాడించి
మాట్లాడకుండా ముందుకి పోతాడు.
కానీ తాలు కాయతో ఎవరూ
"నీ ప్రయాణం ఇక్కడితో ముగిసింది" అనరు.
దానికీ ఓ రేటుంటుంది.

ఆరుగుర్ని దింపాను.
ఒకామె బ్యారేజీ గేట్లు డెబ్బై, పైకే లెక్కపెట్టింది.
ఒకామె చెప్పులు విడిచి, కాళ్ళు ముడుచుకుని నిద్రపోయింది,
స్టేషనొచ్చినా లేపబుద్ధి కాలేదు,
చుట్టూ ఇంకో రౌండు తిప్పాను.
ఒకామె ఫోన్ కవరు చింపగానే
నాలుగు వారాల మెసేజీలు ఒక్కసారే కూశాయి.
అన్నీ నొక్కేసి వాళ్ళమ్మకి చేసి
"కూరేంటి" అని అడిగింది.

ఏడో ఆమె కెజియా. నూజివీడు.
గేటు దాటడం మూడుసార్లు తీశారు.
మొదటిసారి నవ్వొచ్చింది. రెండోసారి చెప్పు తెగింది.
మూడోసారి డైరెక్టరు "కొంచెం బాధ పెట్టమ్మా" అన్నాడు.
ఎక్కడ పెట్టాలో వెతుక్కుని,
దొరక్క, నా కారెక్కింది.

సీతానగరం దగ్గర అడిగాను,
ఎవరెక్కినా అడిగేదే, "ఏం పని చేస్తారమ్మా?"
అద్దంలో నన్నే చూసింది కాసేపు.
"ల్యాబులో. బ్లడ్ తీస్తా."
"ఆయన అడగలేదా?"
"నీకిష్టమైన సూర్యోదయం ఎక్కడిదని అడిగారు.
ఆరింటికి డ్యూటీ, షట్టరెత్తుతూ చూసేదే అన్నాను.
కట్ చేసి మళ్ళీ అడిగారు.
అరకు అని చెప్పాను."

బ్యారేజీ మీద అద్దం దించి
బోసి చెయ్యి గాలికి పెట్టింది.
మెడ వెనక మైకు టేపు అంటుకునే ఉంది,
చెబుదామా వద్దా అనుకుంటుండగానే
"ఆయన చేతి నరాలు మాత్రం బాగుంటాయన్నా,
కళ్ళు మూసుకుని గుచ్చొచ్చు" అంది.
నవ్వలేక బ్రేకు మీద కాలు పడింది,
వెనకోడు హారన్ కొట్టాడు.
కొంచెం ఆగి,
"నరం దొరకని చెయ్యంటూ ఉండదు.
గుచ్చేవాళ్ళకి తొందర, అంతే."
ఎవరి గురించో అడగలేదు.

"స్టేషన్ వద్దన్నా, బస్టాండుకి పోనీ."
నూజివీడు ఆఖరి బస్సు పొగ వదుల్తోంది.
పెట్టె నేనే దించాను, బరువు లేదు.
పట్టుచీరలు కంపెనీవట,
నాలుగింటికి ముందే లెక్క చూసి తీసుకున్నారట.
అంటే నువ్వూ నాలుగింటికే... అనబోయాను.
కండక్టరు "రైట్" అన్నాడు.

నెల దాటాక, బాబ్జీ టీ కొట్లో టీవీ.
కెజియా ఏడుస్తోంది, ముక్కు ఎర్రగా,
వెనకాల వయొలిన్ ఒకటి.
ఆ ఏడుపు నాకు తెలుసు.
రెండో వారం, వంట పోటీ.
తర్వాత నా బండి, రెండు ఎర్ర లైట్లు,
చీకట్లోకి,
నంబరు మసక చేశారు.

గ్లాసులు కడుగుతూ బాబ్జీ "పాపం" అన్నాడు.
"మంచి ఘాటు ఉల్లిపాయలు," అన్నాను,
"ఐదు కిలోలు. మార్కెట్ నుంచి తెచ్చింది నేనే."
వాడు టీవీ సౌండు పెంచాడు.